పళ్ళు లెక్కపెట్టని పెద్ద చక్రాలు

ముప్పై మూడా, ముప్పై అయిదా? అలాయ్ నల్లదా, వెండి రంగుదా? టైరు మీద తెల్ల అక్షరాలు బయటికి కనపడాలా? చక్రం బాడీ దాటి పొడుచుకు రావాలంటే స్పేసర్లు కూడా వేసేయమంటారా? మహీంద్రా థార్ వేసుకుని టైర్లు పెంచే షాపు ముందు ఆగితే ప్రశ్నలకు కొదవ ఉండదు. వెనక యాక్సిల్లో క్రౌన్‌కి ఎన్ని పళ్ళు, పినియన్‌కి ఎన్ని పళ్ళు అన్న ఊసు మాత్రం రాదు. ఎందుకొస్తుంది? అడిగితే లెక్క కట్టాలి. లెక్క కడితే బేరం మధ్యలోనే చెడిపోవచ్చు.

హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం నుంచి ఎల్బీనగర్ దాకా ఇప్పుడిదొక అంటువ్యాధి. మెట్రో పిల్లర్ల నీడన, సాయంత్రమైతే మూడో గేరు పడని రోడ్డు మీద, బురదలో దిగడానికని తయారుచేసిన టైర్లు తారు మీద ఊళ పెడుతూ తిరుగుతున్నాయి. చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఆ బండి కదలడానికి పడే ఆయాసం పక్కన స్కూటీ మీదున్న అమ్మాయికి వినిపిస్తుంది. లోపల పాటలు పెట్టుకున్న ఓనరుకే వినిపించదు.

నేను చెప్పేది ఒక్కటే. చక్రం పెంచితే యాక్సిల్ రేషియో మార్చాలి. దానికి డబ్బు లేదంటే, ఆ సెట్టు దొరకదంటే, బిగించే మేస్త్రి లేడంటే, చక్రం జోలికి పోకూడదు. రేషియో మాట ఎత్తకుండా పెద్ద టైరు అమ్మే షాపువాడు సగం పని చేసి పూర్తి డబ్బు తీసుకుంటున్నాడు. మిగిలిన సగం పని క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద, రోడ్డు మీద పోయేవాళ్ళ మీద పడుతోంది.

లెక్క పదో తరగతి పిల్లాడు చేసేంత తేలిక. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర చిన్న పళ్ళచక్రం ఉంటుంది, అది పినియన్. దానికి పట్టి యాక్సిల్ హౌసింగ్‌లో తిరిగే పెద్దది క్రౌన్. క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 11 ఉంటే 41ని 11తో భాగించండి, 3.73 వస్తుంది. అంటే షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. రేషియో అంటే ఇంతే. ఈ అంకె పెరిగేకొద్దీ బండికి గుంజే శక్తి పెరుగుతుంది, అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ తిరగాలి. తగ్గేకొద్దీ ఇదంతా తిరగబడుతుంది.

ఇప్పుడు చక్రం. 2020లో వచ్చిన థార్‌కి కింది రకంలో కంపెనీ ఇచ్చిన టైరు 245/75 ఆర్16. వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ 16 అంగుళాలు. మొత్తం వ్యాసం 774 మిల్లీమీటర్లు. షాపువాడు "థర్టీ త్రీ" అని మురిపించే 285/75 ఆర్16 వ్యాసం 834. తేడా 7.75 శాతం. ముప్పై అయిదంగుళాల టైరైతే 889, తేడా దాదాపు 15 శాతం. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడు బండి అంత ఎక్కువ దూరం పోతుంది. ఇంజన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, మీటరుకీ చెప్పలేదు.

పాత బలం పాతలాగే రావాలంటే పాత రేషియోని కొత్త వ్యాసంతో గుణించి పాత వ్యాసంతో భాగించాలి. మొదట 3.73 ఉందనుకుందాం. 834 టైరుకి 4.02 కావాలి. సరిగ్గా ఆ అంకెకి పళ్ళు కుదరవు గనక దగ్గరగా ఉన్న 41కి 10, అంటే 4.10 వేసుకోవాలి. ముప్పై అయిదంగుళాలకైతే 4.28 వస్తుంది, 47కి 11 గానీ 43కి 10 గానీ చూసుకోవాలి. రెండు అంకెల మధ్య ఊగిసలాడేటప్పుడు పెద్ద అంకె వైపే మొగ్గమంటాను. పెద్ద టైరు వ్యాసంలోనే కాదు, బరువులోనూ పెద్దది. ఆ బరువంతా చక్రం అంచున ఉంటుంది, కదిలించడానికీ ఆపడానికీ అదే ఎక్కువ మొండికేస్తుంది.

బండిలో ఏ రేషియో ఉందో తెలియదా? వెనక ఒక చక్రం కింద రాయి పెట్టి, రెండో చక్రాన్ని జాక్ మీద లేపి, స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టండి. షాఫ్ట్ మీద సుద్దతో ఒక గీత, టైరు మీద ఒక గీత. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ రేషియో. రెండో చక్రం కదలదు గనక రెండు చుట్లు తిప్పాలి, డిఫరెన్షియల్ తీరే అంత. ఒక సుద్దముక్క, ఒక మనిషి సాయం. దీనికి కూడా ఓపిక లేనివాడు లక్షలు పెట్టి టైర్లు కొంటాడు.

ఈ లెక్క ఈ పేటకి కొత్తదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. 2021లో బాటసింగారానికి తరలించేదాకా గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్టు ఉండేది. నల్లగొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి, నాగ్‌పూర్ నారింజ మోసుకొచ్చిన లారీలు ఇక్కడే వరసకట్టేవి. లారీ నడిపేవాడికి హౌసింగ్‌లో పళ్ళెన్నో తెలుసు. లారీ విడిభాగాల దుకాణంలో క్రౌన్ పినియన్ సెట్టు అడిగితే పళ్ళ లెక్కతోనే ఇస్తారు. ఆరుకి నలభై ఒకటి అంటే 6.83, ఏడుకి నలభై ఒకటి అంటే 5.86. లోడు ఎక్కువ, ఘాట్ రోడ్డు ఎక్కువ అంటే ఆరు పళ్ళ పినియన్. ఖాళీ హైవే మీద పరుగు కావాలంటే ఏడు. పెద్ద చదువులు లేనివాళ్ళు చాయ్ తాగుతూ మాట్లాడుకునే సంగతి ఇది. వాళ్ళ లారీలు నిలబడిన చోటే ఇప్పుడు ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళు ఇరవై లక్షల బండికి ఫోటోలో ఎలా పడుతుందో చూసి చక్రం ఎంచుకుంటున్నారు. "అన్నా, బండి గుంజుతలేదు" అని నెల తిరక్కుండా మళ్ళీ వాళ్ళే వస్తారు. అప్పుడు షాపువాడు ఏం చేస్తాడు? ఇంజన్ కంప్యూటర్‌కి కొత్త ట్యూన్ వేసి పికప్ పెంచుతానంటాడు, ఇంకో బిల్లు రాస్తాడు. రోగం హౌసింగ్‌లో ఉంటే మందు ఇంజన్‌కి పోస్తాడు.

ఎల్బీనగర్, వనస్థలిపురం కాలనీల్లో సగం ఇళ్ళకి నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల్లో పొలం ఉంది, పొలంలో ట్రాక్టరు ఉంది. ఆ ట్రాక్టరు వెనక చక్రం మనిషి భుజాల దాకా వస్తుంది కదా, దాన్ని తిప్పడానికి క్రౌన్ పినియన్ ఒక్కటే సరిపోదని దాని తర్వాత యాక్సిల్లో ఇంకో వరస గేర్లు పెట్టి వేగాన్ని మళ్ళీ తగ్గిస్తారు. నాన్న నడిపే ట్రాక్టరులో ఉన్న ఆ తెలివి కొడుకు నడిపే థార్ దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో!

థార్‌కి తాత జీపు. దాని కథలోనే ఈ పాఠం రాసి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ ఎంబీ జీపు యాక్సిల్ రేషియో 4.88, క్రౌన్‌కి 39 పళ్ళు, పినియన్‌కి 8. 1945లో అదే జీపుని రైతులకి అమ్ముదామని సీజే-2ఏ తెచ్చినప్పుడు విల్లీస్ కంపెనీ రేషియోని 5.38కి మార్చింది, 43కి 8. పొలంలో నాగలి లాగాలి, ట్రెయిలరు లాగాలి అని లెక్కేసి మార్చింది. టైరు పెరగకపోయినా పని మారిందని పళ్ళు మార్చినవాళ్ళు వాళ్ళు. ఆ విల్లీస్ జీపుల్నే మహీంద్రా బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఆ వంశంలో పుట్టిన బండికి మనం చేసే సేవ, పని మారకపోయినా చక్రం మార్చి పళ్ళు వదిలేయడం.

అమెరికాలో జీప్ కంపెనీ ఇప్పుడు ఏం చేస్తోందో కూడా చూడండి. రాంగ్లర్ రూబికాన్‌కి ముప్పై మూడు అంగుళాల టైరుతో 4.10 రేషియో ఇస్తుంది. ముప్పై అయిదు అంగుళాల టైరున్న ఎక్స్‌ట్రీమ్ రీకాన్ ప్యాకేజీ 2021లో తెచ్చినప్పుడు రేషియోని 4.56 చేసింది, బండిని అంగుళంన్నర లేపింది, బరువైన స్టెప్నీ మోయాలని వెనక తలుపు బందులు కూడా గట్టివి వేసింది. ఫోర్డ్ బ్రాంకోకి ముప్పై అయిదు అంగుళాల టైర్లిచ్చే ప్యాకేజీలో రేషియో 4.7. డాలస్‌లో ఉన్న మన తెలుగువాడు షోరూంకి వెళ్ళి ఆ పెద్ద చక్రాలు కావాలంటే, దానికి తగిన పళ్ళు అడక్కుండానే కలిపి ఇస్తారు. మన దగ్గర షోరూంలో రంగు ఎంచుకోవచ్చు, పైకప్పు ఎంచుకోవచ్చు, రేషియో ఎంచుకునే వీలు లేదు. పెద్ద చక్రాల మోజు దేశమంతా ఉందని కంపెనీలకి తెలియదా? తెలుసు. ప్రకటనల్లో బండిని రాళ్ళ మీద, ఏళ్ళలో చూపించి ఆ మోజు పెంచేది వాళ్ళే. టైరు, రేషియో, బ్రేకు కలిపి పరీక్షించి ఒక ప్యాకేజీగా అమ్మితే ఈ రోడ్డుపక్క వైద్యానికి పని ఉండదు. ఆ పని చెయ్యరు. వారంటీ పోయిందని చెప్పడానికి మాత్రం ముందుంటారు.

"టర్బో డీజిల్ అన్నా, 300 న్యూటన్ మీటర్ల టార్క్, ఎంత టైరైనా గుంజేస్తది" అని ఎదురు చెబుతారు. ఆ 300 ఎప్పుడు వస్తుంది? 2.2 లీటర్ల ఇంజన్‌లో 1600 చుట్ల దగ్గర మొదలవుతుంది. ఒక గేర్లో ఒక స్పీడు దగ్గర ఇంజన్ 1700 తిరిగేదనుకోండి. ముప్పై అయిదంగుళాల చక్రం వేశాక అదే గేర్లో అదే స్పీడుకి 1480 తిరుగుతుంది. టర్బో పూర్తిగా లేవకముందే బండిని లాగమంటున్నారు. డ్రైవరు కింది గేరుకి దిగుతాడు, లేదా హాఫ్ క్లచ్ మీద నెట్టుకొస్తాడు. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర వాలు మీద, ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగి కదులుతూ, ఆ హాఫ్ క్లచ్ వాసన ఎవరికి తెలియదు!

ఇంకో వాదన కాస్త నిజాయితీగలది. పెద్ద చక్రం వల్ల హైవే మీద ఇంజన్ తక్కువ తిరుగుతుంది కదా, డీజిల్ మిగలదా అని. చదునైన రోడ్డు మీద, నిలకడైన స్పీడులో, కొంత మిగలొచ్చు, కాదనను. కానీ చక్రం వెడల్పు, బరువు, మోటు పళ్ళ టైరు రాపిడి ఆ మిగిలినదాన్ని తినేస్తాయి. పైగా ఓనరు మైలేజీ లెక్క ఎలా వేస్తాడు? మీటరు చూసి. ఆ మీటరే అబద్ధం చెబుతోంది.

మీటరు సంగతి విడిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇక్కడ విషయం ఓనరు సొంత నష్టం దాటిపోతుంది. 834 టైరు మీద మీటరు 100 చూపిస్తే అసలు స్పీడు 108కి దగ్గర. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120. మీటరులో 120 చూసుకుంటూ పోయేవాడు నిజానికి 129లో ఉంటాడు, ముప్పై అయిదు అంగుళాలైతే 138లో. కంపెనీ మీటర్లు మామూలుగా ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే చూపిస్తాయి, తక్కువ చూపించకూడదనేది నియమం గనక. ఆ కొంచెం ఇక్కడ కొంత కలిసొస్తుంది. అంతటితో మురిసిపోకండి. కిలోమీటర్ల మీటరూ అదే దారిలో వెనకబడుతుంది. ముప్పై అయిదు అంగుళాల చక్రాల మీద 50,000 కిలోమీటర్లు అని చూపించే బండి 57,000 దాటి తిరిగింది. అమ్మేముందు పాత టైర్లు మళ్ళీ వేసేస్తారు. కొన్నవాడికి ఆ 7,000 కిలోమీటర్ల సంగతి చెప్పే నాథుడు లేడు. మీటరు వెనక్కి తిప్పితే మోసమంటాం. ఇదేమంటాం? మీటరుకి కొత్త లెక్క చెప్పకుండా టైరు పెంచే ప్రతి షాపు తెలిసో తెలియకో ఆ పనే చేస్తోంది. రేషియోనే సరిగ్గా మార్చినా, చక్రాల దగ్గరున్న సెన్సర్లతో నడిచే మీటరు తప్పే చూపిస్తుంది గనక దాన్ని విడిగా దిద్దాలి.

సరే, ఎవరో ఒకడు బుద్ధిగా రేషియో మారుస్తానన్నాడు. అప్పుడూ సగం పనే చేయించేవాళ్ళున్నారు. నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉన్న థార్‌లో ముందు యాక్సిల్లోనూ క్రౌన్ పినియన్ ఉంది. వెనక 4.10 వేసి ముందు 3.73 వదిలేస్తే, ఫోర్ వీల్ లివరు వేసిన క్షణం నుంచి ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఇంకో వేగం కోరతాయి. బురదలో జారి బతికిపోతాయేమో గానీ గట్టి నేల మీద ఏదో ఒకటి విరగాల్సిందే, జాయింటో, ట్రాన్స్‌ఫర్ కేసో. రెండూ కలిపి మార్చాలి, ఒకే అంకెకి మార్చాలి. 2023 జనవరిలో వచ్చిన వెనక చక్రాల డ్రైవ్ థార్‌కి ఈ గొడవ లేదు, వెనకది ఒక్కటి చాలు. కొండెక్కని ఆ బండికి కొండ టైర్లెందుకు అన్న ప్రశ్న నేను అడగను, అడిగితే కొట్టేలా ఉన్నారు.

బిగించడమూ ఆషామాషీ కాదు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో ఒకదానికొకటి రాపిడి పెట్టి జతచేసినవి, ఒక సెట్టు క్రౌన్‌ని ఇంకో సెట్టు పినియన్‌తో కలపకూడదు. పినియన్ లోతు షిమ్ములతో సరిచూడాలి. బేరింగుల మీద బిగువు కొలిచి పెట్టాలి. పళ్ళ మధ్య ఆట కొలవడానికి డయల్ గేజ్ కావాలి, చాలా బండ్లలో అది మిల్లీమీటరులో నాలుగో ఐదో వంతు దగ్గర ఉంటుంది. పళ్ళకి రంగు పూసి తిప్పి, రాపిడి ముద్ర పంటి మధ్యలో పడిందా, అంచుకి పోయిందా చూడాలి. హౌసింగ్‌లో జీఎల్-5 ఆయిల్ పోయాలి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపి ఆ ఆయిల్ తీసెయ్యాలి. తెలిసిన మేస్త్రులు ఆటోనగర్‌లో ఉన్నారు, లారీ హౌసింగులతో చేతులు అరిగినవాళ్ళు. చెవితో వినే చెప్పేస్తారు, యాక్సిలరేటర్ తొక్కితే ఊళ వస్తోందా, వదిలితే వస్తోందా అని. టైరు షాపు కుర్రాడు ఇంపాక్ట్ గన్ పట్టుకుని "అదేముందన్నా, గంటలో అయిపోద్ది" అంటే అక్కణ్ణుంచి బండి తీసుకుని వెళ్ళిపోండి.

చట్టం మాటా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఆ సెక్షన్‌ని గట్టిగానే చదివింది. అదే ఏడాది సవరణలో, చట్టం ఒప్పుకోని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షన్‌లో పెట్టారు. మరి రోడ్డు మీద? నల్ల ఫిల్ము కనపడితే ఆపుతారు, సైలెన్సర్ మోగితే పీకిస్తారు, నంబరు ప్లేటు వంకరగా ఉంటే ఫోటో తీస్తారు. బాడీ దాటి జానెడు బయటికొచ్చిన చక్రం మాత్రం చట్టానికి కనపడదు. టైరు సైజు పక్కగోడ మీద అక్షరాలా రాసి ఉంటుంది, మెడ వంచి చదవడమే పని.

అన్నిటికంటే నన్ను మండించేది బ్రేకు. పైన చెప్పినవన్నీ ఎంతో కొంత రేషియోతో, మీటరు దిద్దుబాటుతో సర్దుకుంటాయి, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్‌తో సహా. బ్రేకు సర్దుకోదు. డిస్కు అంతే, ప్యాడ్లు అంతే, నేలకీ ఇరుసుకీ మధ్య దూరం మాత్రం పెరిగింది. పెడల్ మీద అంతే బలం పెడితే 834 టైరు మీద నేల దగ్గర పట్టు 7 శాతం తగ్గుతుంది, 889 మీద 13 శాతం. అంటే ఇంకా గట్టిగా తొక్కాలి, ఇంకా ఎక్కువ వేడిని అవే డిస్కులు భరించాలి. ఎత్తు లేపిన బండి, బరువెక్కిన చక్రం, అబద్ధమాడే స్పీడు మీటరు, సరిపోని బ్రేకు. కొత్తపేటలో దాని ముందు పోతున్నది పిల్లని బడి నుంచి తెచ్చుకుంటున్న తల్లి స్కూటీ. "నా బండి, నా డబ్బు, నా ఇష్టం" అనేవాడికి ఆమె ఇష్టం ఏమిటో ఎవరూ అడిగి చెప్పలేదు.

నేను చాదస్తుణ్ణి కాను. థార్‌కే కంపెనీ రెండు సైజులు ఇచ్చింది. 245/75 ఆర్16 వ్యాసం 774, 255/65 ఆర్18 వ్యాసం 789. తేడా 2 శాతం లోపే, దానికి ఏ రేషియో మార్చనక్కర్లేదు. మూడు శాతం దాకా పెంచుకోండి, మీటరు సరిచూసుకోండి, నేనేమీ అనను. అది దాటితే బిల్లు మీద నాలుగు అంకెలు రాయమనండి. పాత టైరు వ్యాసం, కొత్త టైరు వ్యాసం, ఇప్పుడున్న రేషియో, కావాల్సిన రేషియో. కింద షాపు ముద్ర వేసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే టైర్లు దింపించుకుని పాతవే బిగించుకు రండి.